గుర్రానికి గిట్టుబాటు ధర

"అక్కా, మావారు శనివారం శనివారం గుర్రాల మీద అయిదో పదో పౌండ్లు పెడుతుంటారు. అదేంటని అడిగితే 'ఇది జూదం కాదు, వాల్యూ బెట్' అంటారు. నిజంగా అలాంటిదొకటి ఉందా, లేక నా నోరు మూయించడానికి అంటున్నారా?" అని ఇంగ్లండ్‌లో ఉంటున్న ఒక చెల్లెలు అడిగింది.

ఉంది చెల్లీ. మనం కాలేజీలో చదువుకున్న సంభావ్యత పాఠమే అది. ఆ లెక్క తెలిస్తే ఆయన మాటలో నిజమెంతో మీరే తేల్చుకోవచ్చు.

ముందు ఈ రేసుల సంగతి. మనం విన్న మలక్‌పేట రేసుల్లో గుర్రాలు చదునైన ట్రాక్ మీద పరిగెడతాయి. ఇక్కడ చలికాలపు శనివారాల్లో టీవీలో ఎక్కువగా కనిపించేవి జంప్ రేసులు. గుర్రం సుమారు రెండు మైళ్ళ నుంచి నాలుగు మైళ్ళ పైచిలుకు దాకా పరిగెడుతూ దారిలో కంచెలు దూకాలి. చిన్నవాటిని దూకేది హర్డిల్ రేసు, పెద్దవాటిని దూకేది స్టీపుల్‌ఛేజ్. ఏప్రిల్‌లో లివర్‌పూల్ దగ్గర ఎయింట్రీలో జరిగే గ్రాండ్ నేషనల్‌లో 30 కంచెలుంటాయి. 1967లో ఒక కంచె దగ్గర గుర్రాలు ఒకదానికొకటి అడ్డంపడి ఆగిపోతే, వెనకబడి వస్తున్న ఫోయినావన్ సందు చూసుకుని దూకి గెలిచింది. దాని ధర 100/1. 2021లో రేచల్ బ్లాక్‌మోర్ ఈ రేసు గెలిచిన మొదటి మహిళా జాకీ అయ్యారు. ఆమె ఎక్కిన మినెల్లా టైమ్స్ ధర 11/1.

ఈ ధరల్ని చదవడం చాలా తేలిక. 5/1 అంటే, ఒక పౌండు పెట్టి గెలిస్తే అయిదు పౌండ్ల లాభం, మన పౌండు మనకి. మొత్తం చేతికి ఆరు. ఆ గుర్రం ఆరింట ఒకసారి గెలిస్తే మనకి లాభమూ లేదు, నష్టమూ లేదు. ఆరింట ఒకటి అంటే 16.7 శాతం. ఏ ధరకైనా ఇదే సూత్రం: కుడివైపు అంకెని రెండు అంకెల మొత్తంతో భాగించి, వందతో గుణించండి.

ఇప్పుడు అయిదు గుర్రాల రేసు ఒకటి ఊహించుకుందాం. ధరలు 6/4, 3/1, 4/1, 6/1, 9/1. శాతాల్లో చూస్తే 40, 25, 20, 14.3, 10. కూడితే 109.3. గెలిచేది ఒక్కటే కాబట్టి మొత్తం 100 రావాలి కదా! ఆ పైనున్న 9.3 బుక్‌మేకర్ మిగులు. అది దాటాకే మన లాభం మొదలవుతుంది.

ఇక వాల్యూ. పై రేసులో 6/1 గుర్రానికి ధర ఇచ్చిన అవకాశం 14.3 శాతం. మీ అంచనాలో అది అయిదింట ఒకసారి, అంటే 20 శాతం, గెలుస్తుందనుకోండి. ఇలాంటి పందేలు పౌండు చొప్పున వంద పెడితే 20 గెలుస్తాయి, చేతికి 140 పౌండ్లు. అదే ఫేవరెట్ 6/4 గుర్రానికి మీ అంచనా 35 శాతమైతే, వంద పందేలకి తిరిగొచ్చేది 87 పౌండ్ల 50 పెన్సులే. ఎక్కువసార్లు గెలిచే గుర్రం నష్టం తెస్తే, తక్కువసార్లు గెలిచేది లాభం తెచ్చింది. టమాటాలు ఎంత ఎర్రగా ఉన్నా ధర చూడకుండా సంచిలో వేసుకోం కదా. గుర్రం మంచిదా అన్నది ఒక ప్రశ్న, ఈ ధరకి మంచిదా అన్నది వేరే ప్రశ్న. మన మాటలో చెప్పాలంటే ఇది గిట్టుబాటు ధర.

అయితే ఆ 20 శాతం ఎక్కణ్ణుంచి వచ్చింది? అసలు చిక్కంతా ఇక్కడే. నేల ఎలా ఉందో చూడాలి. వానలకి బురదైన 'హెవీ' నేల మీద కొన్ని గుర్రాలు అసలు సాగలేవు. రెండు మైళ్ళు గెలిచింది మూడు మైళ్ళు లాగగలదా? చెల్టెనమ్‌లో చివర ఎత్తెక్కాలి, కెంప్టన్ చదునుగా ఉంటుంది. హ్యాండిక్యాప్ రేసైతే మంచి గుర్రానికి ఎక్కువ బరువు పెడతారు. గుర్రం పేరు పక్కనుండే పాత ఫలితాల్లో 'ఎఫ్' ఉంటే పడిపోయిందని, 'యు' ఉంటే జాకీ జారి పడ్డాడని, 'పి' ఉంటే మధ్యలోనే ఆపేశారని అర్థం. కానీ ఇవన్నీ మనకి కనిపించినట్టే అందరికీ కనిపిస్తాయి, ధరలో ముందే కలిసిపోయి ఉంటాయి. శనివారం టీవీ రేసుల మీద మరీ ఎక్కువమంది కళ్ళుంటాయి. అందరికంటే బాగా తూచగలిగినప్పుడే గిట్టుబాటు.

పెద్ద ధర ఉంటే అదే వాల్యూ అనుకోవడం ఇంకో పొరపాటు. ఫోయినావన్ పేరు అందరికీ గుర్తు, ఓడిపోయిన 100/1 గుర్రాల పేర్లు ఎవరికి గుర్తు? ఇలాంటి గుర్రాల మీద జనం అవసరానికి మించి పెడతారని, సగటున నష్టం అక్కడే ఎక్కువని ఆర్థికవేత్తలు చాలాకాలంగా చెబుతున్నారు. 'ఈచ్ వే' అన్న మాట కూడా గమనించండి. అయిదు పౌండ్ల ఈచ్ వే అంటే ఖర్చు పది: అయిదు గెలుపు మీద, అయిదు మొదటి కొన్ని స్థానాల్లో రావడం మీద.

మీవారి మాట పరీక్షించాలంటే గొడవ అక్కర్లేదు, నోటుబుక్కు చాలు. గుర్రం, ఆయన అంచనా శాతం, ధర, ఫలితం అని నాలుగు గడులు గీయండి. ధర చూడకముందే అంచనా రాయాలి. డబ్బు పెట్టకుండా వంద పందేలు రాయమనండి. పది చాలవు, 20 శాతం అవకాశమున్న గుర్రాలు వరసగా పది ఓడే సంభావ్యతే సుమారు 11 శాతం. వంద అయ్యాక చూడండి: 20 శాతం అన్నవి నిజంగా అయిదింట ఒకటి గెలిచాయా? పదింట ఒకటే గెలిస్తే 6/1 ధర దగ్గర వందకి 30 పౌండ్లు గాలికి పోయినట్టే. ఒకవేళ లెక్క నిజంగానే కుదిరినా, తరచూ గెలిచేవాళ్ళ పందేలకి కంపెనీలు పరిమితి పెట్టడం మామూలే. అందుకే దీన్ని రాబడి కింద రాసుకోకండి.

బ్రిటన్‌లో 2020 ఏప్రిల్ నుంచి క్రెడిట్ కార్డుతో పందెం కాయడం నిషేధం. అంటే ఆ డబ్బు ఇంటి లోను, అమ్మానాన్నల మందులు కట్టే ఖాతాలోంచే వెళ్తుంది. నెల మొదట్లోనే ఇంత అని విడిగా తీసిపెట్టించండి. ఓడినకొద్దీ పందెం పెరుగుతున్నా, ఫోను దాస్తున్నా, అప్పులు మొదలైనా ఇక అది శాతాల విషయం కాదు. గామ్‌స్టాప్‌లో ఆయన ఉచితంగా పేరు నమోదు చేసుకుంటే ఆన్‌లైన్ బెట్టింగ్ కంపెనీలు ఆయన్ని రానివ్వవు. జాతీయ హెల్ప్‌లైన్ 0808 8020 133కి కుటుంబసభ్యులు కూడా ఫోన్ చేయవచ్చు.

కాబట్టి చెల్లీ, వచ్చే శనివారం ఒక్కటే అడుగు: "ఈ ధర ఎంత శాతం, మీ అంచనా ఎంత శాతం?" రెండు అంకెలూ తడుముకోకుండా చెబితే ఆయన నిజంగా లెక్క వేస్తున్నట్టే. చెప్పలేకపోతే ఆ అయిదు పౌండ్లని సినిమా టికెట్ల పద్దులో రాసేయి. ఇంకో గుర్తు కూడా ఉంది. వాల్యూ చూసేవాళ్ళకి "ఈ వారం ఏదీ గిట్టుబాటు కాలేదు" అని ఏమీ పెట్టని శనివారాలే ఎక్కువ ఉంటాయి. మీ ఇంట్లో అలాంటివి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి చూడు.