వాచీ చేతికా... చెయ్యి వాచీకా?

పోయిన ఆదివారం మా తమ్ముడు నన్ను బంజారాహిల్స్‌లోని ఓ వాచీల షోరూమ్‌కి లాక్కెళ్లాడు. తమ్ముడంటే పిన్ని కొడుకు. మాఘమాసంలో పెళ్లి. మనవైపు పెళ్లికొడుక్కి అత్తారి వాచీ అనేది ఉంగరం, సూటు లాగా ఓ ఆనవాయితీ కదా! కాబోయే మామగారు ఫోన్ చేసి, ‘బాబూ, మీకు నచ్చింది చూసుకోండి, మొహమాటపడకండి’ అన్నారట. మావాడు నిజంగానే మొహమాటపడలేదు. తిన్నగా వెళ్లి 44 మిల్లీమీటర్ల డైవింగ్ వాచీ ముందు నిలబడ్డాడు.

తెల్ల గ్లవ్స్ వేసుకున్న కుర్రాడు దాన్ని తీసి చేతికి పెట్టాడు. మావాడి మణికట్టు నాజూకు. చుట్టుకొలత 16 సెంటీమీటర్లు ఉంటే ఎక్కువ. వాచీ చేతి మీద కూర్చోలేదు, చెయ్యే వెళ్లి వాచీ కింద దాక్కుంది.

‘‘ఎలా ఉందన్నా?’’

‘‘నీకు ఈత వచ్చా?’’ అన్నాను.

రాదు. స్విమ్మింగ్ పూల్‌లో మూడడుగుల వైపు నుంచి కదలడు. ‘‘ఈతకీ దీనికీ ఏంటన్నా సంబంధం? లుక్ చూడు!’’ అన్నాడు. అదీ నిజమే. ఎస్‌యూవీ కొన్నవాళ్లంతా కొండలెక్కుతున్నారా? కానీ లక్షలు పోసి కొనే వస్తువు రోజూ చేతి మీద ఉండేదా, అల్మరాలో డబ్బాలో పడుండేదా అన్నది మాత్రం అడగాల్సిన ప్రశ్నే.

ముందు ఒక తమాషా సంగతి. డైవింగ్ వాచీ అంటే పెద్దగా ఉండి తీరాలని మనందరి నమ్మకం. చరిత్ర చూస్తే కథ వేరేలా ఉంటుంది. ఈ తరహా వాచీలకు ఆద్యులుగా చెప్పే బ్లాంక్‌పా ‘ఫిఫ్టీ ఫాథమ్స్’, రోలెక్స్ ‘సబ్‌మెరైనర్’ రెండూ 1953 నాటివి. ఫిఫ్టీ ఫాథమ్స్‌ని ఫ్రెంచ్ నౌకాదళంలో నీటి అడుగున పనిచేసే కమాండోల కోసం తయారుచేశారు. పేరులోని యాభై ఫాథమ్‌లంటే దాదాపు 91 మీటర్ల లోతు. అది అప్పట్లో కాస్త పెద్దదే, 42 మిల్లీమీటర్ల దరిదాపు. సబ్‌మెరైనర్ మొదటి మోడళ్లు మాత్రం 37, 38 మిల్లీమీటర్లే! తర్వాత 40కి వచ్చి దశాబ్దాల పాటు అక్కడే ఆగిపోయింది. బ్రిటిష్ నేవీ డైవర్లు కట్టుకున్నదీ ఆ సైజే. సముద్రం అడుగున చమురు పైపులు బిగించే పనులు చేసిన ఫ్రాన్స్ కంపెనీ కొమెక్స్ తన డైవర్లకు ఇచ్చిందీ ఆ సైజే. అంటే నిజంగా ప్రాణాలు పణంగా పెట్టి నీళ్లలోకి దిగినవాళ్లకి 40 మిల్లీమీటర్లు సరిపోయాయి. గచ్చిబౌలిలో కోడింగ్ చేసే మావాడికి 44 కావాలి!

అలాగని పెద్ద వాచీలన్నీ ఉత్త షో అనలేం. ఇటలీ నౌకాదళం కోసం పనెరాయి చేసిన వాచీలు రెండో ప్రపంచ యుద్ధం నాటికే 47 మిల్లీమీటర్లు. కారణం చాలా మామూలుది. లోపల పెట్టింది జేబుగడియారం సైజు యంత్రం. పైగా దాన్ని కట్టుకునేది ఒంటిచేతికి కాదు, రబ్బరు సూటు మీద. చీకటి నీళ్లలో అంకెలు కనపడాలి కాబట్టి డయల్ ఎంత పెద్దదైతే అంత మేలు.

ఇంకో కారణం లోతు. లోతుకి వెళ్లేకొద్దీ నీటి ఒత్తిడి పెరుగుతుంది, అద్దం మందం పెరగాలి, కేసు మందం పెరగాలి. రోలెక్స్ ‘డీప్‌సీ’ 2008లో వచ్చింది. 3,900 మీటర్ల లోతును తట్టుకుంటుంది. వెడల్పు 44 మిల్లీమీటర్లు, మందం దాదాపు 18. మన టైటాన్ ‘ఎడ్జ్’ మందం 3.5 మిల్లీమీటర్లు. ఐదు ఎడ్జ్‌లు ఒకదాని మీద ఒకటి పేరిస్తే ఒక డీప్‌సీ అన్నమాట. 2022లో వచ్చిన ‘డీప్‌సీ చాలెంజ్’ అయితే 50 మిల్లీమీటర్ల వెడల్పు, 23 మిల్లీమీటర్ల మందం. 11,000 మీటర్ల లోతుకి పనికొస్తుందట. భూమ్మీద అంతకంటే లోతైన చోటు దాదాపు లేదు.

మన లెక్కలో చెప్పాలంటే, హుస్సేన్‌సాగర్ అత్యధిక లోతు 10 మీటర్ల లోపే. నాగార్జునసాగర్ డ్యామ్ ఎత్తు సుమారు 124 మీటర్లు. సరదాగా స్కూబా చేసేవాళ్లకి 40 మీటర్లే గరిష్ఠ పరిమితి, మొదటి కోర్సు చేసినవాళ్లకి 18. రుషికొండలో చేసినా, అండమాన్‌లో చేసినా ఇదే లెక్క. ‘డైవర్స్ వాచీ’ అనిపించుకోవాలంటే ఉండే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 6425 కూడా కనీసం 100 మీటర్లు చాలంటుంది. వానకీ, బీచ్‌కీ, పుష్కర స్నానానికీ ఇంతకుమించి ఏం కావాలి?

కొన్ని పెద్ద వాచీలకి పక్కన ఓ చిన్న బటన్ లాంటిది ఉంటుంది. హీలియం వాల్వ్. షోరూముల్లో దీన్ని చాలా గొప్పగా చూపిస్తారు. రోజుల తరబడి హీలియం కలిపిన గాలి పీల్చుతూ, ఒత్తిడి గదుల్లోనే తిని పడుకునే వృత్తి డైవర్ల కోసం పెట్టింది అది. ఆ వాయువు మహా సూక్ష్మం, మెల్లగా వాచీలోకి దూరిపోతుంది. పైకి వచ్చేటప్పుడు బయట ఒత్తిడి తగ్గితే లోపలిది తన్నుకొచ్చి అద్దాన్ని ఊడగొడుతుంది. అది జరక్కుండా వాయువుని వదిలేసే ఏర్పాటు. మనింట్లో కుక్కర్ విజిల్ చేసే పనే! ఒమేగా వాళ్లు 1970లో ‘ప్లోప్రాఫ్’ అని ఒకటి తెచ్చారు. దానికి అసలు హీలియం లోపలికే రాకుండా కేసుని ఒకే ఉక్కు ముద్దగా చేశారు. ఇంజినీరింగ్ పరంగా దండం పెట్టాల్సిందే. చూడ్డానికి మాత్రం చేతికి తాళంకప్ప వేసినట్టుంటుంది. (నాకు చాలా ఇష్టం. కొననుగానీ.)

మరి ఈ పెద్ద సైజులు మామూలు జనం చేతుల్లోకి ఎప్పుడొచ్చాయంటే, చాలావరకు సినిమావాళ్ల పుణ్యం. 1996లో వచ్చిన ‘డేలైట్’ సినిమాలో సిల్వెస్టర్ స్టాలోన్ చేతికి పనెరాయి ఉంది. అప్పటిదాకా నౌకాదళం వాచీగా తెలిసినవాళ్లకే తెలిసిన పేరు అది. స్టాలోన్ చెయ్యి ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఆ చేతికి 44 మిల్లీమీటర్లు సరిగ్గా సరిపోతుంది. అక్కణ్ణుంచి 2000ల్లో కంపెనీలన్నీ పోటీపడి సైజులు పెంచాయి. ఫిఫ్టీ ఫాథమ్స్ కొత్త రూపంలో 45కి పెరిగింది. ఒమేగా ‘ప్లానెట్ ఓషన్’ 2005లో వస్తూనే 42, 45.5 రెండు సైజుల్లో వచ్చింది. విచిత్రం ఏంటంటే, సరిగ్గా అదే కాలానికి అసలు డైవర్లు వాచీలు వదిలేసి డైవ్ కంప్యూటర్లు కట్టుకుంటున్నారు. పని పోయింది, సైజు పెరిగింది.

ఇప్పుడు గాలి మళ్లీ తిరిగింది. ట్యూడర్ 2018లో 39 మిల్లీమీటర్ల ‘బ్లాక్ బే ఫిఫ్టీ ఎయిట్’ తెస్తే జనం ఎగబడ్డారు. 2023లో 37 మిల్లీమీటర్లది కూడా తెచ్చింది. బ్లాంక్‌పా కూడా మళ్లీ 42కి దిగింది. మావాడు మాత్రం రీల్స్‌లో చూసిన దగ్గరే ఆగిపోయాడు.

సరే, చరిత్ర పక్కన పెడదాం. రోజూ కట్టుకుంటే ఎలా ఉంటుంది? ఓ స్నేహితుడి 45 మిల్లీమీటర్ల వాచీని పదిరోజులు అరువు తెచ్చుకుని కట్టుకున్న అనుభవంతో చెబుతున్నాను. మొదటిరోజు మహా గర్వంగా ఉంది. లిఫ్టులో అవసరం లేకపోయినా చెయ్యెత్తి టైం చూసుకున్నాను. రెండోరోజు ఫార్మల్ షర్టు వేస్తే కఫ్ దాని మీదికి రానంది. గుండీ విప్పేసి తిరిగాను. మూడోరోజు బండి మీద అసలు సినిమా మొదలైంది. ఎడమచేత్తో క్లచ్ నొక్కుతూ మణికట్టు వంచినప్పుడల్లా పక్కనున్న కీ వెళ్లి అరచేతి వెనకభాగంలో గుచ్చుకునేది. అమీర్‌పేట నుంచి మాదాపూర్ ట్రాఫిక్‌లో క్లచ్ ఎన్నిసార్లు నొక్కుతామో మీకు చెప్పక్కర్లేదు. ఇంటికొచ్చేసరికి చిన్న ఎర్రటి గుంట. ఆఫీసులో ల్యాప్‌టాప్ మీద స్టీలు బకిల్ గీతలు వేరే. తలుపు గడియలకి, లిఫ్టు అంచులకి, సిటీబస్సు రాడ్డుకి అన్నిటికీ అదే ముందు తగిలేది. స్నేహితుడి వస్తువు కదా, తగిలినప్పుడల్లా గుండె జారిపోయేది.

ఇక బరువు. పెద్ద స్టీలు డైవింగ్ వాచీ స్టీలు బెల్టుతో కలిపి 200 గ్రాములు దాటడం మామూలే. మీ చేతిలో ఉన్న ఫోన్ అంత. ఫోన్‌ని పొద్దున్నుంచి రాత్రిదాకా మణికట్టుకి కట్టుకుని తిరగండి, అర్థమవుతుంది. పైగా బరువంతా పైభాగంలోనే ఉంటుంది కాబట్టి కాస్త వదులైతే చాలు, పక్కకి జారి వేలాడుతుంది. బిగిస్తేనేమో మే నెల చెమటకి కింద దద్దుర్లు. టైటానియం అయితే నయం. స్టీలుతో పోలిస్తే దాదాపు సగం బరువే.

ఇన్ని చెప్పాక మంచి కూడా చెప్పకపోతే అన్యాయం. డైవింగ్ వాచీ అనే వస్తువుకి నేను వ్యతిరేకిని కాదు. రోజువారీ వాడకానికి అంత నమ్మకమైన వాచీ ఇంకోటి లేదనే అంటాను. ఒకవైపే తిరిగే ఆ పైచక్రం ఉంది చూశారూ, డైవర్లు నీళ్లలో ఎంతసేపు ఉన్నారో చూసుకోవడానికి పెట్టింది. పొరపాటున కదిలినా గడిచిన టైం ఎక్కువ చూపిస్తుందే తప్ప తక్కువ చూపించదు, అందుకే ఒకవైపే. దాంతో నేను ఇడ్లీ కుక్కర్ టైం చూసుకున్నాను, పార్కింగ్ టైం చూసుకున్నాను. కరెంటు పోయినప్పుడు చీకట్లో మెరిసే ముల్లులు భలే ఉంటాయి. ఇంకోటి, సబ్‌మెరైనర్ లాంటి వాటి బెల్టుని పనిముట్లు లేకుండా, వాచీ చేతికుండగానే కాస్త కాస్తగా వదులు చేసుకోవచ్చు. రబ్బరు సూటు మీద కట్టుకోవడానికి చేసిన ఏర్పాటు అది. మన ఎండలకి మధ్యాహ్నానికల్లా చెయ్యి కాస్త ఉబ్బుతుంది చూడండీ, అప్పుడు దాని విలువ తెలుస్తుంది. ఇవన్నీ 39, 40 మిల్లీమీటర్ల వాచీలో కూడా ఉన్నాయన్నదే నా పాయింటు.

అయితే డయల్ వెడల్పు ఒక్కటే చూసి మోసపోకండి. అసలు కొలత బెల్టు తగిలించే కొమ్ములది. పై కొమ్ము చివర నుంచి కింది కొమ్ము చివర దాకా ఎంతుందో చూడాలి. మీ మణికట్టు పైన చదునుగా ఉండే భాగాన్ని అడ్డంగా స్కేలుతో కొలవండి. కొమ్ముల పొడవు అంతకంటే తక్కువుంటే హాయిగా కూర్చుంటుంది. ఎక్కువైతే రెండువైపులా గాల్లో వేలాడుతుంది. సైకో ‘ఎస్‌కేఎక్స్007’ వెడల్పు 42.5 ఉన్నా కొమ్ముల పొడవు 46 మాత్రమే. అందుకే సన్నటి చేతులకి కూడా అది సరిపోయేది. మణికట్టు పెద్దదై, చదునుగా ఉంటే 44 కట్టుకోండి, నాకేం అభ్యంతరం లేదు. అక్కచెల్లెళ్లకీ ఇదే లెక్క, లేడీస్ జెంట్స్ అనే లేబుల్ కాదు చూడాల్సింది.

ఇంకో చిట్కా. చేతికి పెట్టుకుని దగ్గర్నుంచి ఫొటో తీసుకుంటే ప్రతి వాచీ ఉన్నదానికంటే పెద్దగానే కనిపిస్తుంది. దగ్గరున్నదాన్ని ఉబ్బించి చూపడం ఫోన్ లెన్స్ నైజం. నిలువుటద్దం ముందు నాలుగడుగుల దూరంలో నిలబడి చూసుకోండి. ఎదుటివాళ్లకి కనిపించేది ఆ వాచీయే.

షోరూమ్‌లో మావాణ్ని అద్దం ముందు నిలబెట్టాను. కాసేపు అటూ ఇటూ తిరిగి చూసుకుని, ‘‘కొంచెం పెద్దగానే ఉంది కదా?’’ అన్నాడు నెమ్మదిగా. ఆ కొంచెం ధర ట్యాగ్ తిప్పి చూశాం. నేను బయటికి చెప్పలేనంత ఉంది.

‘‘మామగారికి ఇంతని తెలుసా?’’

‘‘ఎంతైనా పర్లేదన్నారన్నా. వచ్చే నెల ఏదో డిపాజిట్ చేతికొస్తుందట.’’

నిశ్చితార్థం రోజు ఆయన నా పక్కనే కూర్చున్నారు. టీచర్‌గా రిటైరయ్యారు. చేతికి హెచ్‌ఎంటీ. రోజూ పొద్దున్నే కీ ఇచ్చే రకం, 35 మిల్లీమీటర్లో ఏమో. గాజు మీద గీతలు. ‘టైం ఎంతైందండీ’ అంటే చూసి చెప్పారు, నా ఫోన్‌లో చూస్తే ఒక్క నిమిషం తేడా.

ఇది చెప్పేసరికి మావాడు కాసేపు మాట్లాడలేదు. వాచీ విప్పి కుర్రాడికి ఇచ్చేశాడు. బయటికొచ్చి ఇరానీ చాయ్ తాగుతుంటే తనే ఎత్తాడు మాట. ‘‘అన్నా, ఆయన దగ్గర్నుంచి హెచ్‌ఎంటీ లాంటిదే ఒకటి తీసుకుని, డైవింగ్ వాచీ నా జీతంలో నేనే కొనుక్కుంటే? చిన్నదే. ఏడాది పట్టుద్దేమో.’’

‘‘ముందు ఆయనకి ఫోన్ చేసి ఆ డిపాజిట్ కదపొద్దని చెప్పు’’ అన్నాను. కప్పు కింద పెట్టి చేశాడు. అవతల ఆయన ఏమన్నారో వినపడలేదుగానీ, మావాడు ‘‘లేదండీ, నిజంగానే పెద్దగా ఉందండీ చేతికి’’ అని మూడుసార్లు చెప్పాడు.

వచ్చే ఆదివారం మళ్లీ వెళ్తున్నాం, ఈసారి పాత వాచీలు బాగుచేసే షాపుకి. స్కేలు మాత్రం నా జేబులోనే ఉంది.