కాలువ నీటిలో కరెంటు

శ్రీరాంసాగర్ నుంచి కాకతీయ కాలువకు నీరు వదిలారన్న కబురు తెలియగానే పెద్దపల్లి, మంథని ప్రాంతాల రైతు ఆలోచించేది ఒక్కటే: ఆ నీరు తన తూముదాకా వస్తుందా, రాదా? అది సహజం. అయితే ఆ నీరు దారిలో ఎన్ని మెట్లు దిగి వస్తున్నదో, ఒక్కొక్క మెట్టు దగ్గర ఎంత శక్తి నురుగై పోతున్నదో లెక్క చూసేవారు అరుదు. కరెంటు యూనిట్ ధర గురించి, బొగ్గు కొరత గురించి ఇంత చర్చ జరుగుతున్న రోజుల్లో ఈ లెక్క కూడా తీయవలసి ఉన్నది.

కాలువ వాలు కంటే నేల వాలు సాధారణంగా ఎక్కువ. నేల వాలుతోనే కాలువ తవ్వితే నీటి వేగానికి గట్లు కోసుకుపోతాయి. అందుకే ఇంజనీర్లు కాలువను తక్కువ వాలుతో నడిపి, అక్కడక్కడ నీటిని ఒక్కసారిగా కిందికి దింపుతారు. వీటినే డ్రాపులంటారు. దూకిన నీటి ఉధృతిని తగ్గించడానికి కింద సిమెంటు దిమ్మెలు కడతారు. అంటే ఉన్న శక్తిని చంపడానికే ఖర్చు పెడుతున్నామన్నమాట. ఆ దిమ్మెలకు బదులు ఒక చిన్న టర్బైను తిరిగితే అదే నీరు కరెంటునిచ్చి, చుక్క తగ్గకుండా మళ్లీ కాలువలోకే వస్తుంది.

లెక్క కష్టమైనదేమీ కాదు. వెయ్యి క్యూసెక్కుల నీరు మూడు మీటర్లు దిగితే, యంత్రాల నష్టాలు పోను సుమారు 650 కిలోవాట్ల విద్యుత్తు వస్తుంది. రేయింబవళ్లు నడిస్తే రోజుకు 15 వేల యూనిట్లకు పైమాటే. ఐదు హార్స్‌పవర్ మోటార్లు దాదాపు నూటయాభై నడపడానికి ఇది చాలు. ఇదే కరెంటును బొగ్గుతో తయారుచేయాలంటే రోజుకు సుమారు పది టన్నుల బొగ్గు కాల్చాలి. ఈ డ్రాపు కోసం ఏ ఊరూ మునగలేదు, ఏ భూమీ పోలేదు. కాలువ ఎలాగూ ఉన్నది, నీరు ఎలాగూ పారుతున్నది.

ఇది కొత్తగా పుట్టిన ఆలోచన కాదు. మన దేశంలో 1897లోనే డార్జిలింగ్ వద్ద సిద్రాపాంగ్‌లో 130 కిలోవాట్ల జలవిద్యుత్ కేంద్రం వెలిసింది. మంజీరపై నిజాంసాగర్ వద్ద ఐదేసి మెగావాట్ల యంత్రాలు రెండు ఉన్నాయి. గోదావరి పశ్చిమ డెల్టా కాలువపై చెట్టిపేట వద్ద అర మెగావాటు యంత్రాలు రెండు పెట్టారు. పాలేరు వద్ద 2 మెగావాట్ల మినీ హైడల్ కేంద్రం కట్టారు. కాకతీయ కాలువ మీద పెద్దపల్లి ప్రాంతపు మినీ హైడల్ కేంద్రాల సామర్థ్యం అన్నీ కలిపి జెన్‌కో లెక్కల్లో 9.16 మెగావాట్లు. కాబట్టి ఇక్కడ ఇది సాధ్యమా అన్న ప్రశ్న ఎప్పుడో తీరిపోయింది. ఉన్నవాటిని ఎంత శ్రద్ధగా నడుపుతున్నాము, మిగిలిన డ్రాపులను ఎందుకు వదిలేస్తున్నాము అన్నవే ఇప్పటి ప్రశ్నలు.

ఈ తొమ్మిది మెగావాట్లు ఒక లెక్కా అని అడిగేవారుంటారు. ఆ అడగడంలో న్యాయం లేకపోలేదు. రామగుండంలో ఎన్టీపీసీ బొగ్గు కేంద్రం సామర్థ్యమే 2,600 మెగావాట్లు. కాళేశ్వరం పథకంలో రామడుగు మండలం లక్ష్మీపూర్ వద్ద నీటిని ఎత్తిపోయడానికి పెట్టిన ఒక్కొక్క మోటారు 139 మెగావాట్లది. అటువంటి ఏడు మోటార్లలో ఒక్కదాన్ని నడపడానికి కూడా మన మినీ హైడళ్లన్నీ కలిసి చాలవు. చిన్న జలవిద్యుత్తుతో రాష్ట్రం కరువు తీరుతుందని ఎవరైనా చెబితే అది వట్టి మాటే.

కానీ దాని విలువ వేరొకచోట ఉన్నది. పెద్ద కేంద్రంలో పుట్టిన కరెంటు ఎన్నో సబ్‌స్టేషన్లు దాటి పొలానికి చేరాలి. దారిలో కొంత వృథా అవుతుంది. లైను చివరికి వచ్చేసరికి వోల్టేజీ పడిపోతే మోటారు కాలిపోయేది రైతుదే. ఆ లైను చివరనే చిన్న కేంద్రం ఉంటే వోల్టేజీ నిలబడుతుంది, వృథా తగ్గుతుంది. సూర్యరశ్మితో వచ్చే కరెంటు పొద్దు గూకితే ఆగిపోతుంది. కాలువ నీరు వదిలినన్నాళ్లు రాత్రి కూడా పారుతుంది. రామగుండం జలాశయంపై 100 మెగావాట్ల తేలే సోలార్ కేంద్రాన్ని 2022లో జాతికి అంకితం చేశారు. అది పగలు ఇస్తే ఇది రాత్రి ఆదుకుంటుంది. ఇవి ఒకదానికొకటి తోడే తప్ప పోటీ కాదు.

అయితే ఈ మేలు దానంతట అది సమకూరదు. మొట్టమొదటి షరతు, నీటిపై హక్కు రైతుది కావాలి. కాలువలో నీటిని ఎప్పుడు, ఎంత వదలాలన్నది పైరు నిర్ణయించాలి గాని టర్బైను నిర్ణయించకూడదు. యంత్రం తిరగడానికని నీరు ఆపినా, అవసరం లేనప్పుడు వదిలినా చివరి ఆయకట్టు ఎండుతుంది. చిన్న కేంద్రాలను ప్రైవేటువారికి ఇచ్చేటప్పుడు ఈ మాట ఒప్పందంలో స్పష్టంగా రాయాలి.

రెండవది, గట్టు భద్రత. పల్లె లైనులో కరెంటు పోతే ఈ యంత్రాలు ఆగిపోతాయి. ఆ క్షణంలో నీరు పక్కదారి గుండా పోవడానికి షట్టరు వెంటనే తెరుచుకోవాలి. తెరుచుకోకపోతే నీరు పైకి ఎగదన్ని గట్టుకు గండి పడే ప్రమాదమున్నది. గండి పడితే మునిగేది పక్కనున్న పొలమే. తుప్పు పట్టిన ఒక షట్టరు కోసం ఊరంతా నష్టపోకూడదు.

మూడవది, మరమ్మతు. వానాకాలం, యాసంగి పంటలకు నీరు వదిలే రోజులే ఈ యంత్రాలకు పని రోజులు. నీరు వచ్చాక బేరింగు అరిగిందని గుర్తించి, విడిభాగం కోసం కాగితాలు నడిపితే ఆ పంటకాలం పోయినట్లే. కాలువ ఎండి ఉన్న వేసవిలోనే ప్రతి యంత్రాన్నీ విప్పి చూడాలి. చెత్తను ఆపే ఊచల జల్లెడలను బాగుచేయాలి. చుట్టుపక్కల ఊళ్లలో ఐటీఐ చదివిన యువకులకు ఈ పని నేర్పితే చిన్న లోపానికి దూరం నుంచి మెకానిక్కు కోసం ఎదురుచూడనక్కరలేదు. శ్రద్ధ ఉంటే యంత్రం ఎంతకాలం పనిచేస్తుందో ఈ జిల్లాకు తెలియనిది కాదు. 1971లో మొదలైన రామగుండం 62.5 మెగావాట్ల పాత బొగ్గు కేంద్రం 2024లో మూతపడేవరకు యాభై ఏళ్లకు పైగా సేవ చేసింది. నిప్పుతో పనిచేసే యంత్రమే అన్నాళ్లు నిలిస్తే నీటితో పనిచేసేది నిలవదా?

కొత్త కేంద్రాల మాటకు వస్తే, ముందు కాలువ డ్రాపులే చూడాలి. కొండ వాగుల జోలికి తొందరపడి పోరాదు. వాగును గొట్టంలోకి మళ్లిస్తే మధ్యలో ఉన్న గూడేనికి తాగునీరే కరువవుతుంది. వేల సంఖ్యలో చిన్న కేంద్రాలు కట్టిన చైనా, వాగులు ఎండిపోతున్నాయని గ్రహించి 2018 తరువాత యాంగ్జీ నది పరీవాహకంలో ఎన్నిటినో మూసివేయవలసి వచ్చింది. చిన్నదైనంత మాత్రాన హాని చేయదని అనుకోరాదు. డ్రాపుల విషయంలో కూడా కాగితం మీది సామర్థ్యాన్ని కాక, గడచిన ఇరవై ఏళ్లలో ఆ కాలువలో నిజంగా పారిన నీటిని చూసి యంత్రాన్ని ఎంచుకోవాలి.

దేశంలో చిన్న జలవిద్యుత్తుకు 21 వేల మెగావాట్లకు పైగా అవకాశమున్నదని అంచనా. అందులో వినియోగంలోకి వచ్చింది నాలుగో వంతు మాత్రమే. మిగిలిన మూడు వంతుల గురించి ఢిల్లీలో యోచిస్తారు. ఈ జిల్లా చేయవలసింది అంతకంటే సులువైన పని. ఏ డ్రాపు దగ్గర ఏ యంత్రం ఉన్నది, గత యాసంగిలో ఎన్ని గంటలు తిరిగింది, ఎన్ని యూనిట్లు ఇచ్చింది, ఆగితే ఎందుకు ఆగింది? ఈ నాలుగు ముక్కలూ ప్రతి పంటకాలం ముగియగానే సంబంధిత గ్రామ పంచాయతీల నోటీసు బోర్డుమీద పెట్టాలి. నీటి లెక్క రైతుకు తెలిసినట్లే కరెంటు లెక్కా తెలియాలి.

చేతిలో వెన్న పెట్టుకుని నెయ్యి కోసం ఊరంతా తిరిగిన చందం మనకు తగదు. మళ్లీ కాలువకు నీరు వదిలేలోగా నీటిపారుదల, విద్యుత్తు శాఖల అధికారులు ఒకసారి కలిసి ఈ కాలువ గట్ల వెంట నడిచి చూడడం అవసరం. ఉన్న యంత్రాలు తిరిగితే కొత్తవి అడిగే అర్హత జిల్లాకు తానుగా వస్తుంది.