పెండ్లి ప్రకటనకు ముందు



సంఘములో పెండ్లి కుదిరితే వరుసగా మూడు ఆదివారములు ప్రకటన చదువుతాము. అభ్యంతరమున్నవారు చెప్పవలెనని అడుగుతాము. వయస్సు నిండినదా, బాప్తిస్మమైనదా, వరుస కలిసినదా అని రిజిస్టరు తిరగవేస్తాము. కట్నము సంగతి మాత్రము మా చెవిని పడకుండానే తేలిపోతుంది. (అది మరొక నెల వ్రాయవలసిన మాట.) ఆ ఇద్దరి ఆరోగ్యమును గూర్చి అడిగేవారు ఆ మూడు వారములలో ఒక్కరూ ఉండరు. అడిగితే పిల్లవాని నడవడిని శంకించినట్లట, పిల్ల తండ్రికి తలవంపులట!

మన దేశములో హెచ్.ఐ.వి. మొదట బయటపడినది 1986లో, మద్రాసులో. 2021 జాతీయ అంచనాల ప్రకారము దేశములో పెద్దవారిలో నూటికి 0.21 మందికి ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 0.67 మందికి ఉన్నది. అనగా వేయిమందిలో ఆరేడుగురు. మన పల్లెకు రాదులే అని నిశ్చింతగా కూర్చొనే లెక్క కాదిది.

మొన్న వేసవిలో యౌవనుల కూటములో ఒక అట్టపెట్టె పెట్టి, పేరు వ్రాయకుండా ప్రశ్నలు వేయమన్నాము. వాక్యమును గూర్చిన ప్రశ్నలు నాలుగైదే వచ్చినవి. తక్కినవన్నీ ఇంటిలో నోరు విప్పి అడగలేనివి.

"ప్రభురాత్రి భోజనములో అందరూ ఒకే గిన్నెలో త్రాగితే అంటుతుందా?" అంటదు. కలిసి తినుట వలన గాని, ఒక మంచము మీద కూర్చొనుట వలన గాని, దోమకాటు వలన గాని అంటదు. "మనిషిని చూస్తే తెలుస్తుందా?" తెలియదు. మందు వాడకపోయినా ఎనిమిది పదేండ్లు ఏ లక్షణమూ లేకుండా పొలము పని చేసుకొనేవారుంటారు.

ఒక ఆడపిల్ల వ్రాసినది: "నాలుగు నెలలుగా తెల్లబట్ట అవుతున్నది, దురద ఉన్నది. అమ్మతో చెప్తే నువ్వేం చేశావు అంటుంది." తల్లులారా, ఈ మాట మీకోసమే. ఏ పురుషుని ముఖము ఎరుగని పిల్లకు కూడా ఇట్టి బాధ రావచ్చును. చాలాసార్లు కొద్దిరోజుల మందుతో పోతుంది. ఒకవేళ సుఖవ్యాధియే అయితే, దాచిపెట్టిన కొద్దీ గర్భసంచికి చేటు, హెచ్.ఐ.వి. సోకుటకు దారి కూడా సులువవుతుంది. ఎటు చూచినా ఆ పిల్లను ప్రభుత్వాసుపత్రికి తీసుకొని వెళ్లవలసినదే. సుఖవ్యాధులకు అక్కడ సురక్ష క్లినిక్ అని ఉంటుంది. "నువ్వేం చేశావు" అనే ప్రశ్న వలన ఏ జబ్బూ నయము కాలేదు.

మమ్మును నిద్రపోనివ్వని చీటీ మరొకటి ఉన్నది. "లారీ మీద పోయినప్పుడు స్నేహితులతో ఒకసారి తప్పు జరిగింది. త్వరలో నా పెండ్లి. ప్రార్థన చేస్తే చాలునా?"

తమ్ముడా, పశ్చాత్తాపము పశ్చాత్తాపమే, రక్తపరీక్ష రక్తపరీక్షే. ఒకటి చేసి రెండవది మానరాదు. ప్రభుత్వాసుపత్రిలోని ఐ.సి.టి.సి. కేంద్రములో పరీక్ష ఉచితము. 2017 చట్టము ప్రకారము నీ సమ్మతి లేకుండా పరీక్ష చేయకూడదు, ఫలితమును ఊరికి చాటకూడదు. అయితే ఒక సంగతి గుర్తుంచుకో. సోకిన మొదటి వారములలో పరీక్షకు దొరకకపోవచ్చును. మూడు నెలలు నిండిన పిమ్మట మరల చేయించి లేదంటేనే నమ్మకము. అంతవరకు పెండ్లి వాయిదా వేయుము. శుభలేఖలు మరల అచ్చు వేయించవచ్చును. మన సంఘములలో ఎందరో స్త్రీలకు ఈ వ్యాధి కట్టుకున్న భర్త వలననే వచ్చినది. నిందలు మాత్రము వారే మోసినారు.

ఉన్నదని తేలితే? ఆ పిల్లకు ముందుగా చెప్పి తీరవలెను. అంతటితో బ్రదుకు ముగిసినట్లు కాదు. 2004 నుండి ప్రభుత్వము మందులు ఉచితముగా ఇస్తున్నది. దినదినము తప్పక వాడితే, రక్తములో వైరసు పరీక్షకు అందనంతగా తగ్గి అట్లే నిలిచినప్పుడు, సంసారము వలన భార్యకు సోకదు. తల్లికి ఉన్నప్పుడు మందు లేకపోతే బిడ్డలలో నూటికి 15 నుండి 45 మందికి సోకవచ్చును. సరిగా వాడితే అయిదుగురికంటె తక్కువ.

ఇక కొన్ని సంఘములలో వలె పెండ్లికి ముందు సర్టిఫికెట్టు తెమ్మనవలెనా అని పెద్దలు అడుగుచున్నారు. ఆ కాగితము కాపరి బల్లమీదికి రావడము మాకు ఇష్టము లేదు. వస్తే సాయంత్రానికి బావి దగ్గరకు చేరుతుంది. వధూవరులు ఇద్దరూ తమ ఇష్టముతో వెళ్లవలెను. పిల్లవాడొక్కడే కాదు, పిల్లయొక్కతే కాదు. ఫలితము వారిద్దరి మధ్యనే ఉండవలెను.

నిరోధ్ మాట ఎత్తితే పాపమునకు తలుపు తీసినట్లని ఒక పెద్దాయన కోపపడినారు. పెండ్లికి ముందు పవిత్రత అని మేమూ బోధిస్తాము. కాని నిరోధ్ సరిగా వాడితే సోకే ప్రమాదము చాలా తగ్గుతుందనుట నిజము. నిజమును దాచి పవిత్రతను కాపాడలేము. సామెతల గ్రంథములో ఐదు నుండి ఏడవ అధ్యాయము వరకు ఒక తండ్రి కుమారునితో ఈ విషయములే దాపరికము లేకుండా మాటలాడినాడు. మన ఇండ్లలో తండ్రి ఎరువుల ధర చెప్తాడు, ఇది చెప్పడు.

ఎవరినీ అడగలేనివారు 1097 అనే నంబరుకు ఉచితముగా ఫోను చేయవచ్చును. పేరు చెప్పనక్కరలేదు. పెట్టెలో ఇంకా పదకొండు చీటీలున్నవి. వచ్చే నెల వాటిని చూతము.