లాగ్ వేరు, ఛేంజ్‌లాగ్ వేరు

గిట్ లాగ్‌ని జల్లెడ పట్టి ఛేంజ్‌లాగ్ తయారుచేసే స్క్రిప్టు రాయడం పెద్ద పనేం కాదండీ. రెండు ట్యాగుల మధ్య కమిట్లు తీసుకుని, మెర్జ్‌లు వదిలేసి, "ఫిక్స్", "ఫీట్" అని మొదలయ్యేవాటిని విడివిడిగా పేరిస్తే సరి. ఇరవై లైన్ల పెర్ల్ చాలు. సీవీఎస్ రోజుల్లోనే సీవీఎస్‌టుసీఎల్ అనే స్క్రిప్టు ఈ పని చేసేది. గ్నూ ఈమాక్స్ వాళ్ళు కూడా 2015లో చేత్తో రాయడం మానేసి లాగ్ నుంచే పుట్టిస్తున్నారు. కానీ వాళ్ళ కమిట్ సందేశాలు చూశారా? ఏ ఫైల్లో ఏ ఫంక్షన్ ఎందుకు మారిందో ఓపిగ్గా రాస్తారు. మన దగ్గరో? "చిన్న మార్పు", "మళ్ళీ చిన్న మార్పు", "ఈసారి నిజంగా".

ఇక్కడ అమెరికాలో నా క్లయింటు ఒకరికి బిల్లింగులో సెంట్లు సవరించే పద్ధతి మారింది. కమిట్ రాసినాయన దానికి "రిఫాక్టర్" అని తగిలించాడు, స్క్రిప్టు ఆ వరస మొత్తం దాచేసింది. నెలాఖరున లెక్క తేలక అకౌంట్స్ ఆవిడ రెండు రాత్రులు కూర్చుంది. ఆవిడకి కమిట్ నంబరెందుకు? లెక్క మారిందని ఒక్క వాక్యం కావాలి.

నన్నడిగితే, స్క్రిప్టు చిట్టా ఇవ్వనివ్వండి. రిలీజుకి ముందు ఒక మనిషి పావుగంట కూర్చుని దాన్ని తిరగరాయాలి. ఆ పావుగంటని టైమ్‌షీట్‌లో ఏ పద్దు కింద వెయ్యాలో మాత్రం మా మేనేజరు ఇంకా చెప్పలేదు.