అబ్దుల్ ఎవరికి దాసుడు?

మా పేర్లలో అబ్దుల్ అనేది సగం మాట. 'అబ్ద్' అంటే దాసుడు. దాని వెనకాల వచ్చే 'అల్' మరో పేరు కోసం ఎదురుచూస్తుంది. ఆ పేరు అల్లా నామాల్లో ఒకటి కావాలి. అబ్దుల్ కరీం, అబ్దుల్ హమీద్, అబ్దుల్ ఖాదర్. మా వాడల్లో అలీఫ్ బే దిద్దుకునే పిల్లకు కూడా తెలిసిన సంగతి ఇది. ఆఫీసుల్లో, ఠాణాల్లో, సినిమాల్లో మమ్మల్ని 'ఏయ్ అబ్దుల్' అని నడిమికి కోసి పిలుస్తుంటే పలుకుతూనే వచ్చాం. ఇప్పుడు మా ఇళ్లలోని కంప్యూటర్ల మీదికి కూడా ఒక అబ్దుల్ వచ్చి కూర్చున్నాడు. వాడి పేరు అబ్దుల్ అల్‌హజ్రెద్. వాడి బిరుదు 'పిచ్చి అరబ్బు'.

ఈ అబ్దుల్ ఏ తల్లీ కన్న బిడ్డ కాదు. అమెరికాలోని ప్రావిడెన్స్ ఊరి రచయిత హెచ్.పి. లవ్‌క్రాఫ్ట్ (1890-1937) చిన్నతనంలో అరేబియన్ నైట్స్ చదివి మురిసిపోయి ఆడుకున్న పేరు అది. పెద్దయ్యాక 1921లో రాసిన కథలో దాన్ని ఒక కవికి తగిలించాడు. అందులో 'అల్' రెండుసార్లు వచ్చింది. అల్లా నామం ఒక్కసారీ రాలేదు. అరబ్బీ తెలిసినవాడెవడూ పెట్టుకోలేని పేరు. మమ్మల్ని చూసి భయపడమని లోకానికి చెప్పినాయనకు మా పేరు సరిగ్గా పెట్టడం కూడా రాలేదన్నమాట!

ఈయన కథల నుంచి పుట్టిన కంప్యూటర్ ఆటలకు ఇవాళ పెద్ద గిరాకీ ఉంది. ఉదాహరణకు 2017లో వచ్చిన 'కొనారియమ్'. ఫ్రాంక్ గిల్మన్ అనే శాస్త్రజ్ఞుడు అంటార్కిటికా మంచులో ఒక స్థావరంలో కళ్లు తెరుస్తాడు. తోటివాళ్లు లేరు. ఆడేవాడే గిల్మన్ అయి గదులు, గుహలు వెతకాలి. కాగితాలు ఏరుకోవాలి, చిక్కుముళ్లు విప్పాలి. మనిషికన్నా ముందు భూమిని ఏలిన జీవుల జాడలు ఒక్కొక్కటే బయటపడతాయి. తుపాకీ మోతలు వినబడవు. వెలుగునీడలతో, నిశ్శబ్దంతోనే గుండె ఝల్లుమనిపిస్తారు. పనితనం గొప్పది, ఒప్పుకుంటున్నాం. తయారుచేసిన జోయెట్రోప్ ఇంటరాక్టివ్ టర్కీ సంస్థ. మేము ముసల్మానులం కాబట్టి ఆటల మీద కత్తి దూస్తున్నామని ఎవరూ తొందరపడొద్దు.

కానీ ఈ ఆట ఏ నవల కొమ్మకు కాసిందో చూడండి. 1936లో అచ్చయిన 'ఎట్ ద మౌంటెన్స్ ఆఫ్ మ్యాడ్‌నెస్'. అంటార్కిటికాలో అరబ్బులు లేరు, మసీదు లేదు, ఒంటె లేదు. అయినా ఆ మంచులో నిలబడ్డ అమెరికా ప్రొఫెసరుకు 'పిచ్చి అరబ్బు' రాసిన 'నెక్రొనోమికాన్' గుర్తొచ్చి వణుకు పుడుతుంది. మనుషులే లేని ఖండంలో కూడా భయానికి మా పేరే కావలసి వచ్చింది.

ఆ పుస్తకానికి లవ్‌క్రాఫ్ట్ 1927లో ఒక బూటకపు చరిత్ర కూడా రాసుకున్నాడు. దాని ప్రకారం అబ్దుల్ యెమన్ దేశపు సనా కవి. పదేళ్లు ఎడారిలో ఒంటరిగా తిరిగాడు. డమాస్కస్‌లో పుస్తకం రాశాడు. 738లో పట్టపగలు, జనం చూస్తుండగా, కంటికి కనబడని ప్రాణి వాడిని తినేసింది. ఆ పుస్తకం అరబ్బీ నుంచి గ్రీకులోకి, గ్రీకు నుంచి లాటిన్‌లోకి పోయి చదివినవాళ్లనల్లా పాడుచేసింది.

ఇక్కడే మా అసలు తగాదా. చరిత్రలో జరిగిందేమిటి? 8 నుంచి 10వ శతాబ్దం దాకా బాగ్దాద్‌లో కూర్చుని గ్రీకు గ్రంథాలను అరబ్బీలోకి తెచ్చినవాళ్లున్నారు. వాళ్లలో క్రైస్తవులూ ఉన్నారు. 12వ శతాబ్దంలో స్పెయిన్‌లోని టొలెడోలో అరబ్బీ నుంచి లాటిన్‌కు వైద్యం, గణితం, ఖగోళం నడిచి వెళ్లాయి. యూరప్‌కు చదువు వచ్చిన దారుల్లో అదొకటి. లవ్‌క్రాఫ్ట్ ఆ దారినే తీసుకున్నాడు. దాని మీద నడిచిన చదువును దించేసి పిచ్చిని ఎక్కించాడు. అప్పు తీసుకున్నవాడు అప్పిచ్చినవాడిని దయ్యం అనడం కాదా ఇది?

నిజంగా ఒక 'పిచ్చి అరబ్బు' ఉన్నాడు. బస్రాలో పుట్టిన ఇబ్న్ అల్ హైతమ్. కైరోలో ఖలీఫా అల్ హాకిం ఆగ్రహం నుంచి తప్పించుకోవడానికి పిచ్చి నటించాడని పాత చరిత్రకారులు చెబుతారు. కంటిలోంచి కిరణాలు బయలుదేరి వస్తువును తాకుతాయనే పాత నమ్మకాన్ని ఆయన తోసిపుచ్చాడు. వస్తువు నుంచి వెలుగు కంటిలోకి వస్తేనే చూపు అని తన 'కితాబుల్ మనాజిర్'లో వాదించాడు. అదీ లాటిన్‌లోకి వెళ్లింది. మీ ఆటలో గుహ గోడ మీద వెలుగు ఎలా పడుతుందో లెక్క కట్టే శాస్త్రానికి పూర్వీకుల్లో ఆయనొకడు. ఆ అరబ్బును ఎవరూ ఆటలో పెట్టరు.

పిచ్చి అనే మాట మాకు కొత్తగా వినిపించదు. 'మజ్నూన్' అంటే జిన్ను పట్టినవాడు. మక్కా పెద్దలు ప్రవక్తను 'పిచ్చి కవి' అని ఎగతాళి చేశారని ఖురాన్ 37వ సూరా చెబుతుంది. పదమూడు వందల ఏళ్ల తర్వాత సరిగ్గా ఆ రెండు మాటలే ఒక ముస్లిం పేరుకు తగిలించారు. లవ్‌క్రాఫ్ట్‌కు అది తెలుసని మేము అనడం లేదు. తెలియకుండానే నోటికి వచ్చేంతగా ఆ మాట ఆ గాలిలో నిండి ఉందంటున్నాం.

'కథేగా, ఆటేగా, ఇందులో మీకొచ్చిన నష్టమేమిటి?' అని మా లౌకిక మిత్రులు అడుగుతారు. అయ్యా, మన ఏలూరుకు జరిగిన నష్టం చెబుతాం, వినండి. 'ద కేస్ ఆఫ్ చార్లెస్ డెక్స్టర్ వార్డ్' అని ఆయనదే మరో నవల ఉంది. దాని మీదా ఆట వచ్చింది. అందులో 1746లో ఒక ఇంగ్లీషు పెద్దమనిషి మంత్రగాడి ఇంటికి వెళ్లి అలమారలోంచి ఒక చక్కటి పుస్తకం తీస్తాడు. పైన 'ఖానూన్-ఎ-ఇస్లాం' అని ఉంటుంది. తెరిస్తే లోపల నెక్రొనోమికాన్! పెద్దమనిషి మొహం పాలిపోతుంది.

ఖానూన్-ఎ-ఇస్లాం నిజమైన పుస్తకం. రాసింది జాఫర్ షరీఫ్, ఏలూరులో పుట్టిన దక్కనీ ముసల్మాను. మద్రాసు సర్కారు వైద్యుడు హెర్‌క్లాట్స్ ఇంగ్లీషు చేయగా 1832లో లండన్‌లో అచ్చయింది. నవల్లోని పెద్దమనిషి దాన్ని 86 ఏళ్లు ముందే తీసి చూశాడు! అందులో ఏముంది? పురుడు, పేరుపెట్టడం, పిల్లవాడికి బిస్మిల్లా చెప్పించడం, పెళ్లి, మొహర్రం, చావు. తావీజుల మీద, జిన్నుల మీద కూడా అధ్యాయాలున్నాయి. ఉంటే ఏం? పీర్ల పండక్కి నిప్పుల గుండం చుట్టూ ఎగిరే హిందువులు, పిల్లలకు దర్గాలో తావీజు కట్టించుకునే తల్లులు ఉన్న నేల ఇది. మన బతుకును మనవాడు రాసిపెట్టిన పుస్తకం అట్ట కింద వాళ్లు దయ్యాన్ని దాచారు. జాఫర్ షరీఫ్ పేరు మన తెలుగు పాఠ్యపుస్తకాల్లో ఎన్నడైనా చదివారా?

దూరం పోనక్కర్లేదు. 2009లో వచ్చిన 'అరుంధతి' సినిమాలో ఫకీరు మంచివాడే, నాయిక పక్షమే. కానీ దయ్యాల సంగతి వచ్చినప్పుడే మేము గుర్తొస్తాం. బ్యాంకులో గుమాస్తాగా, బడిలో పంతులుగా గుర్తురాం.

ఇక మావాళ్లతో. 'ఆటలు హరాం, కంప్యూటర్ మూసెయ్' అనే పెద్దలకు మా జవాబు ఒకటే: మూసేస్తే ఆ అబ్దుల్ ఒక్కడే మిగులుతాడు. ఉర్దూ 'తిలిస్మ్-ఎ-హోష్‌రుబా'ను 1880ల నుంచి లక్నోలో అచ్చువేసింది నవల్ కిషోర్ అనే హిందువు ప్రెస్సు. తిలిస్మ్ అంటే మాయతో కట్టిన లోకం. దాని గుట్టు చెప్పే పలక దొరికితేనే వీరుడు దాన్ని ఛేదించగలడు. వెతుకులాట, చిక్కుముడి, భయం అన్నీ మా ఇంట్లోనే ఉన్నాయి. మా పిల్లలు వాటితో ఆటలు కట్టాలి.

మరొకటి కూడా చెప్పాలి. 1927లో అచ్చయిన 'రెడ్ హుక్' కథలో లవ్‌క్రాఫ్ట్ న్యూయార్కు వలస జనాన్ని పురుగుల్లా చూపించాడు. కుర్దిస్తాన్ యజీదీలను సైతాన్ పూజారులన్నాడు. అదే నిందను ఇస్లాం పేరు చెప్పుకున్న ఐసిస్ 2014లో సింజార్‌లో యజీదీల మీద వేసింది. మగవాళ్లను చంపింది, ఆడవాళ్లను బానిసలుగా అమ్మింది. 'పిచ్చి అరబ్బు' మాటకు మండిపడే మేము 'సైతాన్ పూజారి' మాట దగ్గర నోరు మూసుకుంటే మా కోపానికి విలువ లేదు. ఒక జనాన్ని దయ్యంగా చూపే కథ ఏదో ఒకరోజు ఎవరి చేతికో కత్తి అందిస్తుంది.

నిషేధించమని మేము అడగడం లేదు. 2015లో వరల్డ్ ఫాంటసీ అవార్డు నిర్వాహకులు లవ్‌క్రాఫ్ట్ తల బొమ్మను బహుమతిగా ఇవ్వడం మానుకున్నారు. ఆయన పుస్తకాలు మాత్రం అంగళ్లలోనే ఉన్నాయి, ఉండనివ్వండి. 2016లో విక్టర్ లవాల్ అనే నల్లజాతి రచయిత రెడ్ హుక్ కథనే తీసుకుని నల్లవాడి వైపు నుంచి తిరగరాశాడు. మాకు కావలసింది అలాంటి జవాబు.

ఆటలు కట్టేవాళ్లను, కథలు రాసేవాళ్లను ఒక్కటే అడుగుతున్నాం. అరబ్బీ, ఉర్దూ అక్షరం కనబడగానే భయపెట్టే సంగీతం మోగించకండి. ఆ లిపిలో మా అమ్మలు ఉత్తరాలు రాశారు, మా తాతలు పొలం పత్రాలు రాసుకున్నారు. మా పుస్తకం అట్ట మీద ఏముందో లోపలా అదే ఉంది. తీసి చదవండి.