శుక్రవారం కల్లానా, శుక్రవారం దాకానా?

మొన్న మాక్ ఇంటర్వ్యూ అయ్యాక మా బ్యాచ్‌లో ఒకడిని అందరూ ఆడుకున్నారు. ‘వుయ్ డిస్కస్డ్ అబౌట్ ద ప్రాజెక్ట్’ అన్నాడట. తెలుగు మీడియం కదా, అంతే అని తేల్చేశారు. నేనూ నవ్వాను. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం కదా మనం!

మరి నా సంగతి వినండి. పోయిన సెలవుల్లో ఇంటర్న్‌షిప్‌లో లాగిన్ పేజీ నాకిచ్చారు. ఎప్పటికవుతుందని మెంటర్ అడిగితే ‘ఐ విల్ వర్క్ ఆన్ ఇట్ టిల్ ఫ్రైడే’ అని మెసేజ్ పెట్టా. శుక్రవారానికి పూర్తి చేసి ఇస్తానని నా ఉద్దేశం. ఆయనకేమో శుక్రవారం దాకా చేసి వదిలేస్తాడని అర్థమైంది. మిగిలింది చూసుకోమని ఇంకో ఇంటర్న్‌కి అప్పుడే చెప్పేశారు. ఆ అమ్మాయి మొదట్నుంచీ తన పద్ధతిలో రాయడం మొదలుపెట్టింది. శుక్రవారం నేను పూర్తి చేసి పెడితే ఒకే పేజీకి రెండు కోడ్‌లు! నాది పక్కన పెట్టేశారు. వారం రోజుల పని.

‘బై’ అనాల్సిన చోట ‘టిల్’ అన్నాను, అంతే. తమాషా ఏంటంటే ఈ తేడా తెలుగులో శుభ్రంగా ఉంది. మా అమ్మమ్మ ‘పండక్కల్లా వచ్చెయ్’ అంటుంది, ‘పండగ దాకా ఉండు’ అంటుంది. ఒకదాని బదులు ఇంకోటి ఎప్పుడూ అనదు. కల్లా అంటే బై, దాకా అంటే టిల్. మా ఫ్రెండ్స్ మాత్రం రెండిటికీ ‘వరకు’ అనేస్తాం. అంటే నా ఇంగ్లీష్‌ని చెడగొట్టింది తెలుగు కాదు, నాకు సరిగ్గా రాని తెలుగు.

‘డిస్కస్ అబౌట్’ కథ వేరు. ‘గురించి చర్చించాం’ అనేది తెలుగులో కరెక్టే, కానీ డిస్కస్‌లో ఆ ‘గురించి’ ముందే ఉంది. ‘నాకు వివరించు’లో ‘కు’ని వదిలేసి ‘ఎక్స్‌ప్లెయిన్ మీ’ అంటాం, అక్కడ ‘టు’ కావాలి. టీంలో అంటే ‘ఇన్’ సరే, టాస్క్ దగ్గరికొస్తే ‘వర్కింగ్ ఆన్’. వీటికి లాజిక్ వెతికి నేను అలిసిపోయాను. ఫంక్షన్‌కి ఏ ఆర్గ్యుమెంట్లు ఇవ్వాలో గుర్తుపెట్టుకుంటాం కదా, అలా క్రియతో పాటే ప్రిపోజిషన్‌నీ గుర్తుపెట్టుకోవడమే. తప్పు ఇస్తే కంపైలర్ ఎర్రర్ చూపిస్తుంది గానీ నవ్వదు. మనం నవ్వుతాం, అదీ మీడియం చూసి.

వాడికి సారీ చెప్పా. వచ్చే మాక్‌కి ఇద్దరం కలిసే ప్రాక్టీస్ చేస్తున్నాం. నిన్న మధ్యలో ‘ఎక్స్‌ప్లెయిన్ మీ’ అన్నది నేనే. వాడు నవ్వలేదు.