ఒకే ఇంజను, మూడు పేర్లు

"నువ్వు మెకానికల్ చదివావు కదా మరదలా, నువ్వే చెప్పు" అన్నాడు బావ ఫోన్లో.

ఈ మాట వింటే నాకు భయం. చదివిన మాట నిజమే. మా క్లాసులో అరవై మందికి ఆరుగురం అమ్మాయిలం. ల్యాబులో సగానికి కోసి పెట్టిన ఇంజను చుట్టూ నిలబడి బొమ్మలేసుకున్నాం, మార్కులు తెచ్చుకున్నాం. ఆ తర్వాత అందరిలాగే హైదరాబాదొచ్చి సాఫ్ట్‌వేర్‌లో కూర్చున్నాను. ఈ ఆరేళ్లలో నా చేతికి అంటిన ఆయిలంతా పునుగులదే.

బావది నిజంగా అవసరం. ఖమ్మంలో ఇన్నాళ్లూ ఇంకొకరి కారు జీతానికి నడిపాడు. ఇప్పుడు సొంత బండి కొనుక్కుని టాక్సీ తిప్పుకుంటానంటున్నాడు. అక్క గొలుసు, గాజులు బ్యాంకులోకి వెళ్లిపోయాయి. రెండు సెకండ్ హ్యాండ్ బండ్లు చూసుకున్నాడు. ఒకటి పదకొండేళ్ల ఇన్నోవా, 2.5 లీటర్ల డీజిల్, మీటరు మీద 2,80,000 కిలోమీటర్లు. రెండోది తొమ్మిదేళ్ల డిజైర్ డీజిల్, 1,60,000. ఇన్నోవాకు రెండు లక్షలు ఎక్కువ అడుగుతున్నారు. టయోటా ఇంజనా, మారుతి ఇంజనా, ఏది ఎక్కువ కాలం వస్తుంది? ఇదీ ప్రశ్న.

సాఫ్ట్‌వేర్ వాళ్లం ఏం చేస్తాం? ఎక్సెల్ షీటు తెరిచాను.

మొదట పెద్ద సర్వేల దగ్గరికి వెళ్లాను. అమెరికాలో జె.డి.పవర్ అనే సంస్థ ఏటా డిపెండబిలిటీ స్టడీ ఒకటి చేస్తుంది. నూరు కార్లకు ఎన్ని సమస్యలొచ్చాయో లెక్కగట్టి కంపెనీలకు ర్యాంకులు ఇస్తుంది. బాగానే ఉంది గానీ, వాళ్లు అడిగేది మూడేళ్లు వాడిన కార్ల ఓనర్లను. పైగా ఆ సమస్యల్లో ఫోను బ్లూటూత్‌కు కలవడం లేదన్నదీ ఒక సమస్యే. మూడేళ్ల కారు గురించి చెప్పే ర్యాంకు చూసి పదకొండేళ్ల ఇంజను కొనడమంటే, ఎల్‌కేజీ ప్రోగ్రెస్ కార్డు చూసి పెళ్లి సంబంధం ఖాయం చేసుకోవడమే. ఆ షీటు మూసేశాను.

రెండో షీటులో డిజైర్ ఇంజను గురించి రాయడం మొదలుపెట్టాను. అసలు కథ ఇక్కడే తగిలింది.

డిజైర్‌లో ఉన్న ఆ 1248 సీసీ డీజిల్ ఇంజను మారుతిది కానే కాదు. పుట్టుక ఫియట్‌ది. లైసెన్సు తీసుకుని హర్యానాలోని మానేసర్‌లో సుజుకీ వాళ్లు తయారుచేశారు. అదే ఇంజను పుణె దగ్గర రంజన్‌గావ్‌లో, ఫియట్, టాటా కలిసి పెట్టుకున్న ఫ్యాక్టరీలోనూ తయారైంది. మారుతి దానికి డీడీఐఎస్ అని పేరు పెట్టి 2007లో స్విఫ్ట్‌లో పెట్టింది, ఆ మరుసటేడు డిజైర్‌లో. టాటా క్వాడ్రాజెట్ అని పేరు పెట్టి ఇండికా విస్టాలో పెట్టింది. ఫియట్ మల్టీజెట్ అనే అసలు పేరుతోనే లీనియాలో, పుంటోలో అమ్ముకుంది. ఇన్ని కార్లలోకి ఎక్కింది కాబట్టే కార్ల పిచ్చోళ్లు దాన్ని నేషనల్ ఇంజను అనేవారు. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 రూల్ వచ్చేసరికి మారుతి డీజిల్‌కే దండం పెట్టేసింది.

ఇప్పుడు మన ఊళ్లలో ఎవరినైనా అడిగి చూడండి. "మారుతి డీజిలా? కళ్లు మూసుకుని తీసుకో." "టాటానా? అలవాటుంటే తీసుకో." "ఫియటా? ఎందుకు బాబూ నీకు?" ఒకే ఇంజను, ఒకే చైను, ఒకే సీసీ. టర్బోను బట్టి కొన్ని కార్లలో 75, కొన్నింటిలో 90 హార్స్‌పవర్ వచ్చేది, అంతే తేడా. మరి మూడు రకాల పేరెందుకొచ్చింది?

నా అభిప్రాయం చెప్తాను. మారుతి బండి మొరాయిస్తే ఏ మండల కేంద్రంలోనైనా షెడ్డు ఉంటుంది, సామాను సాయంత్రానికి దొరుకుతుంది. ఫియట్ బండికి అదే సెన్సారు కోసం హైదరాబాదుకు ఫోను కొట్టి వారం ఎదురుచూడాలి. ఈ వారంలో మెకానిక్ ఏదో ఒక జుగాడు చేస్తాడు, అది ఇంకోచోట తంతుంది. ఓనరు విసిగిపోయి అడ్డికి పావుసేరుకు అమ్మేస్తాడు. కొన్నవాడు ఆ మాత్రం కూడా చూసుకోడు. చివరికి చెడ్డపేరు ఇంజనుకు. ఇంజన్లను పోలుస్తున్నామని మనం అనుకుంటాం. చాలాసార్లు పోల్చేది మనకు, షెడ్డుకు మధ్య దూరాన్ని.

ఇక ఇన్నోవా. 2494 సీసీ, 102 హార్స్‌పవర్. లీటరుకు 41 అన్నమాట. డిజైర్ 75 హార్స్‌పవర్‌ను లీటరు మీద లెక్కేస్తే 60. అంటే చిన్న ఇంజను ఎక్కువ కష్టపడుతోంది, పెద్దది తీరిగ్గా పనిచేస్తోంది అని షీటులో ఎర్రరంగు కొట్టబోయాను. అంతలో గుర్తొచ్చింది, ఇన్నోవా బరువు టన్నున్నర పైనే, డిజైర్‌ది టన్ను చిల్లర. బరువుతో భాగిస్తే తేడా దాదాపు కరిగిపోయింది. నా ఎర్రరంగు నేనే తుడిచేసుకున్నాను.

మిగిలింది బెల్టు, చైను గొడవ. పిస్టన్లు, వాల్వులు లయ తప్పకుండా చూసే టైమింగ్ పని ఈ పాత ఇన్నోవాలో రబ్బరు బెల్టు చేస్తుంది. డిజైర్‌లో ఇనుప చైను. (2016లో వచ్చిన క్రిస్టాలో టయోటా కూడా చైనుకే మారింది.) చైనంటే జీవితకాలం గ్యారంటీ అనుకుంటారు చాలామంది. కాదు. దాన్ని బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ ఆయిల్ ప్రెషరుతో పనిచేస్తుంది. ఆయిలు మార్చకుండా తిప్పితే చైనూ అరుగుతుంది, సాగుతుంది, పొద్దున్నే స్టార్ట్ చేయగానే గలగలమంటుంది. అలా కనీసం చెప్పి చస్తుంది. బెల్టు చెప్పదు.

బెల్టు సంగతి మా ఇంట్లో ఎవరూ మర్చిపోలేదు. నాన్న కూడా టాక్సీయే నడిపేవారు. నేను ఇంటర్ చదివేటప్పుడు ఒక సెకండ్ హ్యాండ్ డీజిల్ కారు కొన్నారు. కంపెనీ పేరెందుకు గానీ, తప్పు దానిది కాదు. "బెల్టు మొన్ననే మార్చానన్నా" అన్నాడు అమ్మినతను. నాన్న నమ్మారు. నాలుగు నెలలకు, ఒక కుటుంబాన్ని ఎక్కించుకుని రాత్రిపూట హైదరాబాదు వెళ్తుంటే సూర్యాపేట దాటాక ఇంజను ఒక్కసారిగా మూగబోయింది. బెల్టు తెగింది. పైకొచ్చిన పిస్టన్లు తెరిచి ఉన్న వాల్వులను గుద్దేశాయి. హెడ్ విప్పి చూస్తే ఒక్క వాల్వు కూడా తిన్నగా లేదు. ఆ కుటుంబాన్ని వేరే బండి ఎక్కించి, నాన్న తెల్లారేదాకా రోడ్డు పక్కనే కూర్చున్నారు. ఆ ఏడాది నా ఫీజు రెండు నెలలు ఆలస్యంగా కట్టారు. ప్రిన్సిపల్ రూము ముందు నిలబడింది నేనే కాబట్టి నాకు బాగా గుర్తు.

మరి కంపెనీల మధ్య తేడాయే లేదా? ఉంటుంది. ఫ్యాక్టరీలోనే తప్పు జరిగితే ఓనరు ఎంత జాగ్రత్తపడినా ఏం చేయగలడు? అమెరికాలో హ్యుందాయ్ 2015లో సొనాటా కార్లను రీకాల్ చేసింది. తీటా-2 అనే పెట్రోలు ఇంజను తయారీలో మిగిలిపోయిన ఇనుప రజను క్రాంక్‌షాఫ్ట్ దారుల్లో ఇరుక్కుని, బేరింగులకు ఆయిలు అందక ఇంజన్లు పట్టేశాయి. రీకాళ్లు సరిగా చేయలేదని 2020లో హ్యుందాయ్, కియా కలిపి 21 కోట్ల డాలర్ల పెనాల్టీకి ఒప్పుకోవాల్సి వచ్చింది. ఇది చదివి "చూశావా, అందుకే టయోటా" అనుకున్నాను. 2024లో అదే అమెరికాలో టయోటా లక్షకు పైగా వాహనాలను రీకాల్ చేసింది. టండ్రా ట్రక్కుల వీ6 ఇంజన్లలో కారణం? మళ్లీ అదే, తయారీలో మిగిలిన రజను! ఈ ఇంజన్లేవీ బావ చూసిన బండ్లలో లేవు, ఆ భయం అక్కర్లేదు. కానీ కంపెనీ పేరు మీద కళ్లు మూసుకుని సంతకం పెట్టేవాళ్లు ఈ రెండు రీకాళ్లనూ పక్కపక్కన పెట్టుకుని చదవాలి.

షీటు మొత్తం నాన్నకు చూపించాను. కళ్లజోడు పెట్టుకుని ఓపిగ్గా చూశారు. "ఐదు లక్షలు తిరిగిన ఇన్నోవాలు రోడ్డు మీద కనిపిస్తాయమ్మా. మూడు లక్షలకే పోయినవి తుక్కు కొట్లో ఉంటాయి, నీకెట్లా కనిపిస్తాయి?" అన్నారు. స్టాటిస్టిక్స్‌లో దీనికో పెద్ద పేరుంది, మా ఆఫీసులో దాని మీద గంట ట్రైనింగు ఇచ్చారు. నాన్నకు ఆ పేరు తెలియదు.

ఇంకో మాటా అన్నారు. హైవే మీద తిరిగిన రెండు లక్షలు వేరు, ఊళ్లో ఆగి ఆగి తిరిగిన లక్ష వేరు. ఇంజను వేడెక్కకముందే ఆపేస్తూ పోతే ఆయిలు తన పని తను చేయలేదు, అరుగుదల ఎక్కువ. అందుకే టాక్సీ బండి అనగానే భయపడక్కర్లేదట. తర్వాత డిజైర్ వరుస దగ్గర వేలు ఆపారు. "ఎల్లో ప్లేటు బండి తొమ్మిదేళ్లలో లక్షా అరవై వేలేనా? పెళ్లిళ్లకే తిప్పాడా అల్లుడూ?" బావ ముఖం చూడాలి అప్పుడు.

అయినా చూడకుండా వద్దనడం ఎందుకని ఆదివారం ముగ్గురం వెళ్లాం. ఉదయం ఆరున్నరకు వస్తామని, అప్పటిదాకా స్టార్ట్ చేయొద్దని నాన్న ముందే ఫోను చేసి చెప్పారు. చల్లటి ఇంజను అబద్ధం చెప్పదట. డిజైర్ తళతళలాడుతోంది. నాన్న మాట్లాడకుండా వెళ్లి బోనెట్ మీద అరచెయ్యి పెట్టారు.

"పొద్దున్నే ఎటైనా వెళ్లొచ్చారా?"

"లేదు సార్, రాత్రి పెట్టింది పెట్టినట్టే ఉంది."

నాన్న చెయ్యి తీసి నన్ను కూడా పెట్టి చూడమన్నట్టు తలూపారు. పెట్టాను. వెచ్చగా ఉంది. "సరేనండీ, ఫోను చేస్తాం" అన్నారు నాన్న, అంతే. సందు చివర టీ తాగి ఇన్నోవా దగ్గరికి వెళ్లాం.

అది చల్లగా ఉంది. దుమ్ము కూడా ఉంది. స్టార్ట్ చేయగానే కాస్త పొగ వచ్చి ఆగిపోయింది. నాన్న ఇంజను నడుస్తుండగానే ఆయిల్ మూత తిప్పి తీసి, దాని పైన చెయ్యి పెట్టి చూశారు. లోపల్నుంచి గాలి బుసకొడితే రింగులు, బోరు పోయినట్టట. పెద్దగా లేదు. ఓనరు, అరవై దాటిన మనిషి, ఇంట్లోంచి ఒక పాలిథిన్ కవరు తెచ్చిచ్చారు. నిండా బిల్లులు. బెల్టు మార్చిన బిల్లు కూడా ఉంది, 1,48,000 దగ్గర. నాన్న లెక్క ప్రకారం లక్ష దాటిన బెల్టును నమ్మకూడదు. ఇది 1,32,000 తిరిగేసింది.

బెల్టు, దాంతోపాటు వాటర్ పంపు ఖర్చు ధరలో తగ్గించమని నాన్న. బిల్లులన్నీ దాచిన బండికి ఒక్క రూపాయి తగ్గనని ఆయన. బావ నా వైపు చూస్తున్నాడు, ఆ పైనున్న రెండు లక్షలు ఎవరు సర్దాలో ఇద్దరికీ తెలుసు కాబట్టి. వచ్చే ఆదివారం మళ్లీ వెళ్తున్నాం, ఈసారి ఫోను చేయకుండా.